ఆది జాకెట్టు ఇస్తేనే ట్రిప్పు కుదిరేది: పెరూ ప్రయాణంపై అపోహలు – వాస్తవాలు

టీ నగర్‌లో మా ఆఫీసు ఒక టైలర్ షాపు మేడ మీద ఉంటుంది. ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది "ఆది జాకెట్టు తెచ్చారా అమ్మా?" అని. మెట్లెక్కి పైకొచ్చినవాళ్లను నేను అడిగేదీ ఇంచుమించు అదే. "ఇదివరకు వెళ్లొచ్చిన ఊళ్లలో ఇంకో రోజు ఉంటే బాగుండనిపించింది ఎక్కడ? ఎప్పుడు బయటపడదామా అనిపించింది ఎక్కడ?" ఈ రెండింటికీ జవాబు దొరికితే నాకు ఆది దొరికినట్టే.

గ్రూపు టూర్లు కాకుండా, ఒక్కో కుటుంబానికి విడిగా దూరదేశాల ట్రిప్పులు వేయడం నా పని. ఈమధ్య చెన్నైలోని మనవాళ్లే కాదు, నెల్లూరు, తిరుపతి నుంచి ఫోన్ చేసేవాళ్లు కూడా ఎక్కువగా అడుగుతున్నది దక్షిణ అమెరికాలోని పెరూ. ఆ దేశం గురించి నేను రోజూ వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: మచు పిచ్చు చాలా ఎత్తు, అక్కడ ఊపిరాడదు

మచు పిచ్చు అంటే ఇంకా రాజుల కాలంనాటి కొండమీది పాత నగరం, దాని ఎత్తు 2,430 మీటర్లు. ఊటీ పక్కన మన దొడ్డబెట్ట 2,637 మీటర్లు. దొడ్డబెట్ట మీద మొక్కజొన్న పొత్తు తింటూ ఫొటోలు దిగినవాళ్లంతా మచు పిచ్చు కంటే ఎత్తుకే వెళ్లొచ్చారన్నమాట.

అసలు చిక్కు మచు పిచ్చుకు వెళ్లే దారిలో దిగే కుస్కో ఊళ్లో ఉంది. పెరూ రాజధాని లిమా సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ విమానం ఎక్కితే గంటా గంటన్నరలో 3,400 మీటర్ల ఎత్తున కుస్కోలో దింపేస్తుంది. గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. మనమేమో మెరీనా మట్టం మనుషులం.

నేను వేసిన తొలి పెరూ ట్రిప్పులో ఈ తప్పు నేనే చేశాను. అణ్ణానగర్ దంపతులు. ఆయన రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి, "మాకేం కాదులే అమ్మా" అన్నారు. నేనూ నమ్మి కుస్కోలో దిగిన రోజు మధ్యాహ్నమే ఊళ్లో నడక పెట్టాను. మర్నాడు చెన్నైలో పన్నెండున్నరకు ఫోన్. అక్కడ రాత్రి రెండు. "అక్కా, ఈయన తల పగిలిపోతోందంటున్నారు, రెండుసార్లు వాంతి అయింది" అని ఆవిడ గొంతు వణుకుతోంది. హోటల్‌వాళ్లు ఆక్సిజన్ పెట్టారు, డాక్టర్ వచ్చారు. తెల్లవారగానే కారులో కిందికి, ఉరుబాంబా లోయకు దింపించాను. సాయంత్రానికి ఆయన సూప్ తాగి కబుర్లు చెప్పారట. రోజూ నడిచే అలవాటుకూ దీనికీ సంబంధం లేదు. ఎంత వేగంగా పైకి వెళ్లామన్నదే లెక్క.

అప్పటినుంచి నా వరస మారలేదు. కుస్కోలో దిగగానే ఊళ్లో ఆగకుండా కారులో గంటన్నర కిందికి, 2,800 మీటర్ల చుట్టుపక్కల ఉండే ఉరుబాంబా గానీ ఒయాంతాయ్‌తాంబో గానీ. అక్కడ రెండు రాత్రులు. తర్వాత రైల్లో మచు పిచ్చు. ఒళ్లు అలవాటు పడ్డాక తిరుగుదారిలో కుస్కో. టిటికాకా సరస్సు 3,812 మీటర్లు కాబట్టి అది ఇంకా తర్వాత. ఇన్‌స్టాలో చూసి అందరూ అడిగే రంగుల కొండ 5,000 మీటర్లు దాటుతుంది. అడిగినవాళ్లలో ఎక్కువమందికి వద్దనే చెప్తాను. ఎత్తువల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్రల సంగతి మీ డాక్టర్‌తోనే మాట్లాడండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

ఇంకో మాట. అక్కడ హోటళ్లలో కోకా ఆకు టీ ఇస్తారు, అక్కడ అది మామూలే. బాగుంది కదా అని ప్యాకెట్లు సూట్‌కేసులో వేసుకోకండి. మన దేశంలో కోకా ఆకు మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికి వస్తుంది. చెన్నై ఎయిర్‌పోర్టులో "టీ ఆకే సార్" అంటే కుదరదు.

అపోహ: అంత దూరం వెళ్తున్నాం, అన్నీ చూసేయాలి

పన్నెండు రోజులకు మా దగ్గరికొచ్చే లిస్టు ఇలా ఉంటుంది: లిమా, నాజ్కా గీతలు, అరెకిపా, కోల్కా లోయ, టిటికాకా, కుస్కో, మచు పిచ్చు, అమెజాన్, "వీలైతే పక్కనే కదా, బ్రెజిల్లో క్రీస్తు విగ్రహం". చెన్నై నుంచి లిమాకు నేరుగా విమానం లేదు. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి హోటల్ చేరేదాకా ఒకటిన్నర రోజు పట్టినా ఆశ్చర్యం లేదు, రావడానికి మళ్లీ అంతే. టైమ్ తేడా పదిన్నర గంటలు కాబట్టి మొదటి రెండు రోజులు మధ్యాహ్నం నిద్ర, అర్ధరాత్రి మెలకువ. మిగిలిన రోజుల్లో, వైశాల్యంలో మన దేశంలో దాదాపు ఐదింట రెండు వంతులుండే దేశాన్ని చుట్టేయడం అంటే ఎయిర్‌పోర్టులు చూడటమే. నేను పెన్సిల్ తీసుకుని కొట్టేస్తూ పోతాను. కొందరికి కోపం వస్తుంది. బట్ట మీద కత్తెర పెట్టొద్దంటే కింద ఆయన మాత్రం ఏం కుడతాడు?

అపోహ: సంస్కృతి అంటే డిన్నర్‌తో పాటు డాన్స్ ప్రోగ్రాం

ఆ ప్రోగ్రాంలు తప్పు కాదు, పిల్లలకు నచ్చుతాయి. కానీ ఇందులో నాకు మిగిలిన జ్ఞాపకం వేరే.

ఒకసారి నేనూ ఓ కుటుంబంతో వెళ్లాను. అందులో పెద్దావిడ పుట్టిల్లు వెంకటగిరి, వాళ్ల నాన్న మగ్గం నేసినవాడు. కుస్కో దగ్గర చించెరో అనే ఊళ్లో నేతపని చేసే ఆడవాళ్ల దగ్గర మామూలుగా టూరిస్టు బస్సులు నలభై నిమిషాలు ఆగుతాయి. నేను మూడు గంటలు అడిగి పెట్టుకున్నాను. అక్కడి మగ్గానికి గుంట లేదు, చట్రం లేదు. ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస నేసే మనిషి నడుముకు పట్టీలా చుట్టుకుంటుంది. కాస్త వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. పేక గుచ్చిన ప్రతిసారీ లామా ఎముకతో చేసిన మొనతో దాన్ని కిందికి కొడుతోంది. డిజైన్ కాగితం మీద లేదు, వేళ్లతో పడుగు పోగులు ఏరుకుంటోంది. మా పెద్దావిడ పక్కన చతికిలబడి, ఎవరూ అడక్కుండానే, తెగిన పోగొకటి తీసి ముడేసి ఇచ్చింది. ఆ నేతమ్మ ముడిని గోటితో లాగి చూసి నవ్వింది. ఇద్దరి మధ్యా అక్కడి కెచువా భాష లేదు, తెలుగు లేదు. మా గైడ్ కూడా నోరు మెదపలేదు.

తర్వాత రంగులు చూపించారు. నాగజెముడు మట్ట మీద తెల్లటి బూజులా అంటుకుని ఉండే చిన్న పురుగు కొచినీల్. దాన్ని అరచేతిలో నలిపితే చెయ్యంతా ముదురు ఎరుపు. అందులో నిమ్మరసం పిండితే కళ్లముందే నారింజ వైపు తిరిగింది. మనవరాలు చెయ్యి చాపి తనకూ పూయమంది, గోరింటాకు అనుకుందేమో.

ఈ మూడు గంటలకు డాన్స్ డిన్నర్ కంటే ఎక్కువేమీ ఖర్చు కాలేదు. కావలసిందల్లా ఆ రోజు వేరే పని పెట్టుకోకపోవడం. చించెరో కుస్కో కంటే కూడా ఎత్తు కాబట్టి దాన్ని దిగిన రోజున కాకుండా తిరుగుదారిలో పెట్టాలి. వరస అంటే ఇదే.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి

"ఏమ్మా, ఆడ అన్నం దొరుకుద్దా?" అని నెల్లూరు నుంచి ఒకాయన మూడుసార్లు ఫోన్ చేశారు. దొరుకుతుంది. పెరూవాళ్లు బంగాళాదుంప కూరలోనూ పక్కన అన్నం పెట్టుకునే రకం. సోమవారం పప్పు తింటే డబ్బుకు లోటుండదని అక్కడ ఒక నమ్మకం కూడా ఉంది. బంగాళాదుంప, టమాటా, వేరుశనగ, మిరపకాయ, అన్నీ ఆ ఖండాల నుంచే మనకు వచ్చాయి. గుంటూరు కారానికి పుట్టిల్లు అటువైపే. రొకోతో అనే మిరపకాయ చూడటానికి చిన్న క్యాప్సికంలా అమాయకంగా ఉంటుంది, కొరికితే తెలుస్తుంది.

చిక్కు ఉన్నది మాటలో. "సిన్ కార్నే" అంటే స్పానిష్‌లో మాంసం లేకుండా అని యాప్‌లో చూసి చెప్తారు. అక్కడ కార్నే అంటే చాలామంది లెక్కలో గొడ్డుమాంసం, పందిమాంసం లాంటివే. ఇక కోడి ముక్కతో ప్లేటు వస్తుంది, వాళ్ల తప్పు లేదు. అందుకే నా క్లయింట్లకు ఒక కార్డు రాసిస్తాను: "నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో." మాంసం, కోడి, చేప తినను అని. దాని కింద "కోడి నీళ్లతో చేసిన సూప్ కూడా వద్దు" అని ఇంకో లైను, ఎందుకంటే కూరగాయల సూప్ అని ఉన్నా మరిగించింది చాలాసార్లు కోడి ఎముకలతోనే. కందిపొడి, ఊరగాయ సీల్ చేసినవి తీసుకెళ్లండి, అక్కడి కస్టమ్స్ ఫారంలో మాత్రం రాయండి. పచ్చి పండ్లు వద్దు.

అపోహ: అమెజాన్‌లో జంతువులు ఎదురొస్తాయి

పెరూలో దాదాపు 60 శాతం అమెజాన్ అడవే. కానీ అది బందిపూర్‌లో జీపెక్కినట్టు ఉండదు. దట్టమైన చెట్లు, కనిపించేదాని కంటే వినిపించేది ఎక్కువ. ఐటీ కుర్రాడొకడు "మూడు రాత్రుల్లో జాగ్వార్ గ్యారంటీయా?" అన్నాడు. తిరుమలలో టోకెన్‌కు టైమ్ రాసిస్తారు గానీ జాగ్వార్ ఎవరికీ రాసివ్వదు.

గ్యారంటీకి కాస్త దగ్గరగా వచ్చేది తాంబోపాతా నది ఒడ్డున మట్టి గట్లు. తెల్లవారకముందే పడవలో వెళ్లి ఎదురుగా కూర్చోవాలి. మొదట చిన్న చిలుకలు, తర్వాత ఎర్రవి, నీలివి, పెద్ద మకావ్‌లు జంటలుగా వచ్చి గట్టు మట్టిని కొరుక్కు తింటాయి. గద్ద నీడ పడితే చాలు, అరుపులతో అన్నీ ఒక్కసారి లేచిపోతాయి. వానపడితే చాలాసార్లు అసలు రావు. అందుకే అడవిలో మూడు రాత్రులకు తక్కువైతే నేను వేయను. పులికాట్ దగ్గర ఫ్లెమింగోల కోసం ఒక ఉదయమంతా బైనాక్యులర్స్‌తో నిలబడగలిగినవాళ్లకు ఈ అడవి బాగా నచ్చుతుంది. నిలబడలేనివాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

అపోహ: పిల్లల సెలవులు ఎప్పుడైతే అప్పుడే

కుస్కో వైపు వాన లేని నెలలు మే నుంచి సెప్టెంబరు. మన వేసవి సెలవుల్లో మే నెల చక్కగా కలిసొస్తుంది. క్రిస్మస్ సెలవులంటే వానాకాలం. కొండచరియలు విరిగి రైళ్లు ఆగే రోజులుంటాయి కాబట్టి అప్పుడు వెళ్తే మచు పిచ్చు దగ్గర ఒక రోజు ఎక్కువ పెట్టుకోవాలి. మచు పిచ్చుకు నడిచి వెళ్లే 'ఇంకా ట్రెయిల్' అనే పాత కాలిబాటను ఏటా ఫిబ్రవరి అంతా మూసేస్తారు. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి సూర్యపండుగ, ఆ వారం హోటళ్లు దొరకడం కష్టం. మే, జూన్ నెలల్లో అక్కడ చలి. "వేసవి కదా" అని కాటన్ చొక్కాలతో వెళ్లి కుస్కోలో స్వెట్టర్లు కొన్నవాళ్లు మావాళ్లలో బోలెడుమంది.

చిన్నవి కొన్ని

వీసా భయం: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదో ఒకటి కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే మన పాస్‌పోర్ట్‌కు పెరూ టూరిస్టు వీసా అక్కర్లేదు. లేనివాళ్లు ఢిల్లీలోని ఎంబసీ ద్వారా తీసుకోవాలి. టికెట్ చవకని అమెరికా మీదుగా వేసుకోకండి. అక్కడ విమానం మారడానికి కూడా వీసా ఉండాలి.

ఎల్లో ఫీవర్ టీకా పెరూవాళ్లు అడగరు కాబట్టి అక్కర్లేదనుకుంటారు. అడిగేది మనవాళ్లే. ఆ దేశం నుంచి వచ్చేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ లేకపోతే ఇక్కడ దిగాక ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. చెన్నైలో అయితే గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ట్రిప్పు బుక్ చేయకముందే డాక్టర్‌ని అడగాలి, చేశాక కాదు.

మచు పిచ్చు టికెట్ గేటు దగ్గర కొనొచ్చనుకోవద్దు. రోజుకింతమందని లెక్క, వెళ్లాల్సిన టైమ్, నడవాల్సిన దారి అన్నీ టికెట్ మీదే ఉంటాయి. టికెట్ పాస్‌పోర్ట్ నంబరు మీద ఇస్తారు. ఈలోగా పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకుంటే పాతదీ వెంట పట్టుకెళ్లండి.

అపోహ: విడిగా వేయించుకుంటే రెట్టింపు ఖర్చు

ఖర్చులో పెద్ద ముక్క విమానం టికెట్, అది ఎవరికైనా ఒకటే. రైలూ అంతే. తేడా వచ్చేది హోటల్, కారు, గైడ్ దగ్గర. నాలుగైదుగురు కలిసి వెళ్తే ఆ తేడా కూడా బాగా తగ్గుతుంది. ఇద్దరే అయితే మాత్రం ఎక్కువవుతుంది, దాచడానికేం లేదు.

ఆది చూశాక నేనే గ్రూపు టూరుకు పంపినవాళ్లూ ఉన్నారు. పెరంబూరు నుంచి ఒకావిడ వచ్చారు. ఎక్కడ బాగా నచ్చిందని అడిగితే "కాశీ బస్సులో అమ్మా, అంత్యాక్షరి ఆడుకుంటూ వెళ్లాం" అన్నారు. ఏ ఊరు బాగుందని మళ్లీ అడిగాను. బస్సే అన్నారు. నలభైమంది తెలుగువాళ్లుండే టూరు ఒకటి వెతికి అందులో సీటు వేయించాను. వచ్చాక మిఠాయి డబ్బాతో మెట్లెక్కారు.