ఒక గుద్దు, రెండు రిగ్గులు

కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఇద్దరు కొట్టుకుంటున్నప్పుడు ఒకడి పిడికిలి ఇంకొకడి దవడలోంచి దూరి వెనక నుంచి బయటికొచ్చినా సాఫ్ట్‌వేర్‌కి ఏమీ పట్టదు. ప్రతి క్యారెక్టర్ లోపలా ఒక రిగ్ ఉంటుంది. వెన్ను, భుజం, మోచెయ్యి, మణికట్టు అంటూ వరసగా తగిలించిన ఎముకలు, వాటిని కదిపే కంట్రోలర్లు, ఏ ఎముక కదిలితే చర్మంలో ఏ భాగం ఎంత కదలాలో చెప్పే వెయిట్లు, ఇవన్నీ కలిస్తే రిగ్. తన ఒంట్లో ఏది దేనికి అతికి ఉందో దానికి బాగా తెలుసు. ఎదురుగా ఇంకొకడు ఉన్నాడని మాత్రం తెలియదు. బరువు తెలియదు, దెబ్బ తెలియదు. ఆ ఎరుకంతా యానిమేటరే తెచ్చిపెట్టాలి.

గుద్దు చేతిలో పుట్టదని బాక్సింగ్ నేర్చినవాళ్లెవరైనా చెప్తారు. వెనక కాలు నేలను తన్నుతుంది. తుంటి తిరుగుతుంది. దాని వెనకే ఛాతీ, భుజం కదులుతాయి. ఆఖర్న మోచెయ్యి విచ్చుకుంటుంది. అందుకే యానిమేటర్లు ముందు తుంటి కీఫ్రేములు, అంటే ఏ క్షణాన ఏ భంగిమ ఉండాలో చెప్పే గుర్తులు పెట్టి, భుజం కీఫ్రేములను ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా వచ్చేలా జరుపుతారు, మోచేతివి ఇంకాస్త ఆలస్యంగా. అన్నీ ఒకే ఫ్రేమ్‌లో మొదలైతే బీరువా తలుపు తిరిగినట్టు మనిషంతా ఒక్క ముక్కగా తిరుగుతాడు. దెబ్బ తిన్నవాడిలో ఈ వరస తలకిందులవుతుంది. ముందు దవడ, తల, తర్వాత మెడ, భుజాలు, ఛాతీ, తుంటి. చివరికి ఒక కాలు వెనక్కి పడి ఒళ్లు నిలదొక్కుకుంటుంది. అంటే ఒకడి మడమ దగ్గర బయల్దేరిన బలం ఇంకొకడి మడమ దగ్గర నేలలోకి దిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేరువేరు రిగ్గులు. యానిమేటర్‌కి అదంతా ఒకటే దారి. ఆ దారి ఎక్కడ తెగినా చూసేవాడికి తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే.

ఎక్కువగా తెగేది పిడికిలి తగిలే చోటే. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 42 మిల్లీసెకన్లు. పిడికిలి సెకనుకు 8 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. ఒక ఫ్రేమ్ నుంచి మరో ఫ్రేమ్‌కి అది 33 సెంటీమీటర్లు దాటేస్తుంది. మనిషి తల ముందు నుంచి వెనక్కి 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. కాబట్టి ఒక ఫ్రేమ్‌లో ముక్కు ముందున్న పిడికిలి, తర్వాతి ఫ్రేమ్‌కల్లా తల దాటి ఉండాలి. తగిలిన క్షణం రెండు ఫ్రేముల మధ్య ఎక్కడో జరిగిపోతుంది.

అందుకే ఆ క్షణాన్ని అసలు చూపించకపోవడమే మేలని నా అభిప్రాయం. 11వ ఫ్రేమ్‌లో పిడికిలి ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. 12వ ఫ్రేమ్‌లో తల అప్పటికే పక్కకి తిరిగిపోయి ఉంటుంది, పిడికిలి తన దారిలో ముందుకు సాగిపోయి ఉంటుంది. మధ్యలో జరిగినది కన్నే పూరించుకుంటుంది. అలా కాకుండా, చెంప మీద పిడికిలిని సరిగ్గా ఆనించి తలను కదలకుండా ఒక ఫ్రేమ్ ఉంచి చూడండి, గుద్దు కాస్తా నిమిరినట్టు అయిపోతుంది. వీడియో గేముల వాళ్లు దీనికి వేరే దారి పట్టారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో దెబ్బ తగలగానే ఇద్దరూ కొన్ని ఫ్రేముల పాటు బిగుసుకుపోతారు. భౌతికశాస్త్రం ప్రకారం అది అబద్ధమే, కానీ దెబ్బ బరువు మాత్రం కంటికి ఆనుతుంది.

మన సినిమా ఫైట్లు చూస్తూ పెరిగినవాళ్లకి ఇందులో సగం ముందే తెలుసు. హీరో చెయ్యి ఫైటర్ ముఖానికి తగలదు. ఆ ఖాళీ కనపడని కోణంలో కెమెరా పెడతారు. హీరో బలమంతా ఆ ఫైటర్ మెడ విసిరిన తీరులో, గాల్లో ఒళ్లు తిరిగి పడిన తీరులో ఉంటుంది. పేరు కూడా తెలియని ఆ ఫైటర్ల పనితనం మీద నాకు చాలా గౌరవం. యానిమేషన్ కొత్తగా నేర్చుకునేవాళ్లు కొట్టేవాడి మీద రోజులు గడిపి, తిన్నవాడిని చివర్లో గబగబా ముగించేస్తారు. ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దెబ్బ తిన్నవాడికే.

ఇద్దరి కదలికనూ కలిపే పట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్‌లో కత్తియుద్ధానికి ఆ గేమ్ సృష్టికర్త జోర్డన్ మెక్నర్ 1938 నాటి ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్ సినిమాలోని చివరి కత్తియుద్ధాన్ని ఆధారం చేసుకున్నాడు. ఇద్దరూ పక్కనుంచి స్పష్టంగా కనిపించే కొన్ని సెకన్ల షాట్ అందులో దొరికింది. ఇప్పుడైతే ఇద్దరు నటులకు మోషన్ క్యాప్చర్ చేస్తారు, అంటే వాళ్ల ఒంటి కదలికలను నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేస్తారు. అక్కడా ఒక చిక్కుంది. రికార్డయిన కదలికను మరో ఒడ్డూపొడుగూ ఉన్న క్యారెక్టర్‌కి ఎక్కించేటప్పుడు ప్రధానంగా కీళ్ల కోణాలే బదిలీ అవుతాయి. నటుడి చెయ్యి 70 సెంటీమీటర్లు, క్యారెక్టర్‌ది 60 అయితే, చెయ్యి పూర్తిగా చాచినప్పుడు పిడికిలి 10 సెంటీమీటర్ల ముందే ఆగిపోతుంది. మళ్లీ చేత్తో సరిచేయాల్సిందే.

గుద్దు కన్నా కష్టం పట్టు. రిగ్‌లో చేతిని రెండు రకాలుగా నడపొచ్చు. భుజం, మోచెయ్యి, మణికట్టు అని వరసగా తిప్పుకుంటూ వచ్చేది ఎఫ్‌కే. అరచెయ్యి ఎక్కడుండాలో చెప్తే మోచేతి కోణాన్ని సాఫ్ట్‌వేరే లెక్కగట్టేది ఐకే. దండచెయ్యి, ముంజెయ్యి, భుజం నుంచి మణికట్టుకి ఉన్న దూరం, ఈ మూడూ ఒక త్రిభుజం భుజాలు కాబట్టి కొసైన్ సూత్రంతో ఆ కోణం తేలిపోతుంది. విసురుకి ఎఫ్‌కే బాగుంటుంది, పట్టుకి ఐకే కావాలి. ఇప్పుడు ఒకడు ఇంకొకడి మణికట్టు పట్టుకున్నాడు. అవతలివాడు గుంజుకుంటే పట్టిన చెయ్యి మణికట్టు వెంట పోవాలి. ఇవతలివాడు లాగితే మణికట్టు చెయ్యి వెంట రావాలి. ఒకదాన్ని ఇంకొకటి అనుసరించేలా కట్టేసే ఈ నియమాలను కన్‌స్ట్రెయింట్లు అంటారు. రెండు కన్‌స్ట్రెయింట్లూ ఒకేసారి పెడితే దేన్ని ముందు లెక్కించాలో తేలదు. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో దీన్నే డిపెండెన్సీ సైకిల్ అంటారు. దానికి చాలామంది వాడే ఉపాయం, పట్టు దగ్గర కనపడని మూడో వస్తువును పెట్టడం. రెండు చేతులూ దాన్నే అనుసరిస్తాయి, యానిమేటర్ దాన్నే కదుపుతాడు. ఎవరు లాగుతున్నారో మాత్రం తుంటి, పాదాలే చెప్పాలి. గెలుస్తున్నవాడి తుంటి చేతికంటే ముందు కదులుతుంది. ఓడుతున్నవాడిది చేతి వెనక ఈడ్చుకుపోతుంది.

తాకిడిని కంప్యూటర్‌కే వదిలేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. 2021లో జంగ్‌దామ్ వాన్, దీపక్ గోపీనాథ్, జెస్సికా హాడ్గిన్స్ ప్రచురించిన పరిశోధనలో భౌతిక నియమాలకు లోబడిన క్యారెక్టర్లు ముందు మనుషుల కదలికల రికార్డింగుల నుంచి మెళకువలు అందుకుని, తర్వాత ఒకదానితో ఒకటి తలపడుతూ బాక్సింగ్, ఫెన్సింగ్ నేర్చుకున్నాయి. అక్కడ పిడికిలి నిజంగానే ఎదుటి ఒంటిని తాకుతుంది, ఆ ఒళ్లు ఆ బలానికే తూలుతుంది. కానీ ఎవరు ఎప్పుడు పడతారో పోటీలో తేలాల్సిన విషయం. సినిమాలో విలన్ 212వ ఫ్రేమ్‌లో, కెమెరా ఉన్న వైపే, ముఖం కనపడేలా పడాలి.