మెరక తోలిన నేల ఎప్పుడు కుంగుతుంది? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పునాదుల కింది నేలను పరీక్షించడం నా వృత్తి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) చుట్టుపక్కల ఫ్లాటో, స్థలమో కొన్న తెలుగువాళ్లు అడిగేవన్నీ చివరికి ఒక్క విషయం దగ్గరికే వస్తాయి. మెత్తటి బంకమట్టిలోంచి నీరు ఎలా బయటికి పోతుంది? పోయేకొద్దీ ఆ మట్టి ఎలా మారుతుంది? పళ్ళికరణై చిత్తడి నేలల అంచున, ఎన్నూరు వైపు ఈ మట్టి ఎదురవుతుంది. తిరువాన్మియూరు తీరంలో ఇసుక కాబట్టి అక్కడి లెక్క వేరు.

అపోహ: మెరక తోలించి రెండు వానాకాలాలు ఆగితే కుంగాల్సింది కుంగిపోతుంది.

ఇసుకైతే అంతకాలం కూడా అక్కర్లేదు. బంకమట్టికి మాత్రం చాలదు. నీటితో నిండిన బంకమట్టి మీద బరువు పడగానే ముందుగా మోసేది రేణువుల మధ్య ఉన్న నీరే. దాని పీడనం పెరుగుతుంది. ఆ నీరు మెల్లగా జారిపోయేకొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుంది, నేల కుంగుతుంది. మట్టి శాస్త్రానికి పునాది వేసిన ఇంజినీరు కార్ల్ టెర్జాగీ 1923లో దీనికి సమీకరణం ఇచ్చారు. అందులో ఇల్లు కట్టుకునేవాళ్లకు పనికొచ్చే ముక్క ఇది: పట్టే కాలం, నీరు నడవాల్సిన దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దూరం రెట్టింపైతే కాలం నాలుగింతలు.

లెక్క వేద్దాం. ఎనిమిది మీటర్ల మందాన బంకమట్టి, పైనా కిందా ఇసుక. నీరు రెండు వైపులా పోగలదు కాబట్టి నడవాల్సిన దూరం నాలుగు మీటర్లు. కన్సాలిడేషన్ గుణకం (మట్టి ఎంత వేగంగా నీరు వదిలి కుంగుతుందో చెప్పే అంకె) ఏడాదికి ఒక చదరపు మీటరు అనుకుంటే, సగం కుంగడానికే మూడేళ్లు దాటుతుంది. 90 శాతానికి పదమూడేళ్లకు పైనే. అడుగున ఇసుకకు బదులు నీరు పోనివ్వని రాయి ఉంటే, నీరు పైకి మాత్రమే పోగలదు కాబట్టి అదే 90 శాతానికి 54 ఏళ్లు. "కొంచెం మట్టే కదా సార్" అంటారు గానీ, రెండు మీటర్ల మెరక చదరపు మీటరుకు మూడున్నర టన్నులు తూగుతుంది. దాదాపు మూడు అంతస్తుల బరువది.

అపోహ: చుట్టూ టైల్స్ కుంగాయంటే బిల్డింగ్ కూడా కుంగుతోంది.

పైల్స్ (నేలలోకి లోతుగా దించిన స్తంభాలు) మీద కట్టిన బిల్డింగ్ గట్టి పొరను ఆనుకుని నిలబడుతుంది, చుట్టూ ఉన్న మెరక దిగుతుంది. మెట్టుకూ నేలకూ మధ్య సందు పడేది, డ్రైనేజీ పైపు గోడ దాటగానే విరిగేది అందుకే. దాన్ని చూసి టెన్షన్ పడకండి, పైపు బాగు చేయించండి. స్తంభాల్లో, బీముల్లో పగుళ్లు వస్తే మాత్రం వెంటనే ఇంజినీరుకు చూపించాలి. దిగే మట్టి పైల్‌ను పట్టుకుని కిందికి లాగుతుంది. ఆ అదనపు భారాన్ని డిజైన్‌లో కలిపారో లేదో కూడా అడగండి.

అపోహ: ఒత్తిడి రెట్టింపు చేస్తే నీరు రెట్టింపు వేగంతో వస్తుంది.

ఒత్తిడి పెరిగినంత నిష్పత్తిలోనే నీటి ప్రవాహం పెరుగుతుందని 1856లో హెన్రీ డార్సీ ఇచ్చిన సూత్రం ఇసుక ప్రయోగాల నుంచి వచ్చింది. నీరు పారినంత మాత్రాన ఇసుక రూపు పెద్దగా మారదు. బంకమట్టి మారుతుంది. గుడ్డలో కట్టిన పెరుగును ఒక్కసారిగా బలంగా పిండి చూడండి. గుడ్డకు ఆనుకున్న పొర ముందే గట్టిపడి లోపలి నీటికి అడ్డం పడుతుంది. మట్టిలోనూ అంతే, నీరు బయటపడే అంచు దగ్గరే రంధ్రాలు ముందుగా మూసుకుపోతాయి. అందుకే నీరు ఎంత సులువుగా పారుతుందో ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, బరువు పెంచిన ప్రతి దశలోనూ చూస్తాం. టెర్జాగీ ఒక దిశకు చేసిన లెక్కను మారిస్ బియో 1941లో మూడు దిశలకూ విస్తరించారు. 

అపోహ: బరువు వేయడం ఆపాక కూడా పీడనం పెరిగితే పీజోమీటర్ (మట్టిలోని నీటి పీడనం కొలిచే పరికరం) పాడైనట్టే.

పాడై ఉండొచ్చు. కానీ అంచులు ముందుగా నీరు కోల్పోయి బిగుసుకుంటే ఆ బిగింపు మధ్యభాగం మీద పడి అక్కడి పీడనం కొంతకాలం పెరగగలదని మాండెల్ 1953లోనే చూపించారు. రీడింగ్‌ను పక్కనపెట్టి తర్వాతి పొర మట్టి పోస్తే కట్ట పక్కకు జారే ప్రమాదం ఉంది. దయచేసి ఆగండి.

అపోహ: నిలువు డ్రెయిన్లు దించితే నేల గట్టిపడుతుంది.

బంకమట్టిలోకి నిలువుగా దించే ఈ నీటి దారులు చేసేది నీరు నడవాల్సిన దూరం తగ్గించడమే. మీటరు చిల్లర ఎడంగా దించితే ఏళ్ల పని నెలల్లో అవుతుంది. కానీ పైన బరువైనా, పంపుతో గాలి లాగే వాక్యూమ్ అయినా లేకపోతే నీరు కదలదు.

అపోహ: బోర్లు తోడడం వల్ల కుంగిన నేల, వానలు పడితే లేస్తుంది.

నీటిమట్టం ఒక మీటరు దిగితే కింది రేణువుల మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను భారం పెరుగుతుంది. ఇసుక పొరలు కుంగేది కొంచెమే, నీరు చేరితే అందులో చాలావరకు తిరిగి లేస్తాయి. కొత్త బరువుకు నలిగిన బంకమట్టి మాత్రం చాలావరకు అలాగే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో ఇలా 1925-1977 మధ్య ఒకచోట నేల దాదాపు తొమ్మిది మీటర్లు దిగింది.

స్థలం కొనేముందు సాయిల్ రిపోర్టు అడిగి తీసుకోండి. బంకమట్టి ఎంత లోతు నుంచి ఎంత లోతు దాకా ఉంది, దాని కింద ఇసుకా రాయా, కన్సాలిడేషన్ టెస్ట్ చేశారా అన్నవి చూడండి. కొన్ని రిపోర్టుల్లో ఎస్‌పీటీ (సుత్తి దెబ్బలతో నేల గట్టిదనం చూసే పరీక్ష) అంకెలు మాత్రమే ఉంటాయి. వాటిని బట్టి నేల ఎన్నేళ్లు కుంగుతుందో చెప్పలేం.