ఫొటోలు పోయాయా? ముందు ఆ కంప్యూటర్ ఆపేయండి

నా పని డేటా రికవరీ. నా దగ్గరికి వచ్చే డ్రైవ్‌లను చూస్తే, క్రాష్ వల్ల పోయినదాని కన్నా ఆ తర్వాత కంగారులో మనవాళ్లు చేతులారా పోగొట్టుకున్నదే ఎక్కువ అనిపిస్తుంది. ఆ కంగారు వెనకున్న అపోహలు కొన్ని చెప్తాను.

అపోహ: క్రాష్ తర్వాత ఆల్బమ్ ఖాళీగా ఉంది, అంటే ఫొటోలు పోయినట్టే.

చాలాసార్లు ఒక్క ఫొటో కూడా పోయి ఉండదు. ఫొటోలు సర్దుకోవడానికీ ఎడిట్ చేయడానికీ వాడే లైట్‌రూమ్ క్లాసిక్ లాంటి ప్రోగ్రామ్ ఫొటోలను తనలో దాచుకోదు. ఏ ఫొటో ఏ ఫోల్డర్‌లో ఉంది, మీరు దానికి ఏ మార్పులు చేశారు అని రాసుకునే చిట్టా ఒకటి పెట్టుకుంటుంది, దాన్నే క్యాటలాగ్ అంటారు, క్రాష్‌లో సాధారణంగా దెబ్బతినేది అదే. గూగుల్ వారి ఫొటో ప్రోగ్రామ్ పికాసా కూడా అంతే, 2016లో దాన్ని ఆపేసినా అందులో చూసిన ఫొటోలు వాటి ఫోల్డర్లలోనే ఉండిపోయాయి. మ్యాక్‌లో ఫొటోస్ లైబ్రరీ ఒకే ఫైల్‌లా కనిపిస్తుంది గానీ నిజానికి అది ఫోల్డరే. రైట్ క్లిక్ చేసి 'షో ప్యాకేజ్ కంటెంట్స్' నొక్కితే లోపల 'ఒరిజినల్స్' (పాతవాటిలో 'మాస్టర్స్') కనిపిస్తుంది, అందులోంచి బయటికి కాపీ చేసుకోండి, లోపల మాత్రం దేన్నీ కదపకండి. ఇంకో మాట, లైట్‌రూమ్ అడిగినప్పుడల్లా బ్యాకప్ తీశాను కదా అని ధీమాగా ఉంటారు కొందరు. ఆ బ్యాకప్‌లో ఉండేది క్యాటలాగ్ మాత్రమే, ఫొటోలు కాదు.

అపోహ: డిలీట్ అయి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ అయితే ఇక ఏమీ చేయలేం.

హార్డ్ డిస్క్‌లోనూ మెమరీ కార్డులోనూ డిలీట్ అంటే చెరిపేయడం కాదు, 'ఈ చోటు ఖాళీ, వాడుకోవచ్చు' అని గుర్తు పెట్టడం. ఆ చోట కొత్తది రాసేదాకా పాత ఫొటో అక్కడే ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఫైళ్ల పట్టికను నమ్ముకోదు. మామూలుగా ఫొటోలు ఉండే జెపెగ్ రకం ఫైల్ ప్రతిదీ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది కాబట్టి, డిస్క్ మొత్తం జల్లెడ పట్టి అలాంటివి ఏరుతుంది. పేర్లూ ఫోల్డర్లూ మాత్రం తిరిగి రావు, వేల ఫైళ్లు అంకెల పేర్లతో కుప్పగా వచ్చి పడతాయి. అది చూసి నీరసపడకండి, కెమెరాలోంచి వచ్చిన ఫొటోలో తీసిన తేదీ లోపలే రాసి ఉంటుంది, దాన్ని బట్టి వరసలో పెట్టుకోవచ్చు. పైభాగం బాగుండి కింద బూడిద రంగు పట్టీ వస్తే, ఆ ఫైల్ ముక్కలుగా వేరువేరు చోట్ల ఉందనో కొంత చోటు మీద కొత్తది రాసేశారనో అనుకోవాలి.

అపోహ: వెంటనే రికవరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయాలి.

ఎక్కడ చేస్తారు? ఫొటోలు పోయిన ఆ డ్రైవ్‌లోనేగా! దాన్ని వెతకడానికి తెరిచిన బ్రౌజర్ కూడా అదే డ్రైవ్ మీద రాస్తూ ఉంటుంది. కంప్యూటర్ ఆపి, డ్రైవ్ తీసి, వేరే కంప్యూటర్‌కి తగిలించి, ముందు మొత్తం డ్రైవ్‌కి ఇమేజ్ కాపీ (ఖాళీ అని గుర్తు పెట్టిన చోటుతో సహా ఉన్నదున్నట్టు నకలు) తీసి, ఆ కాపీ మీద పని చేయాలి. దొరికినవాటిని ఇంకో డిస్క్‌లో సేవ్ చేయాలి. కొత్తలో నేనే ఒకసారి దొరికిన ఫొటోలను అదే కార్డులోకి సేవ్ చేసి, ఇంకా దొరకాల్సినవాటిని చెరిపేసుకున్నాను. విండోస్‌లో ఉండే చెక్ డిస్క్ కూడా అప్పుడే నడపొద్దు, దాని పని ఫైల్ సిస్టమ్‌ని చక్కబెట్టడం, ఆ పనిలో మీ ఫొటోలు ఏమైనా దానికి పట్టదు.

అపోహ: ఎస్ఎస్‌డీ అయినా, ఫోన్ అయినా ఇదే పద్ధతి.

కాదు, ఇక్కడే నేను ఎక్కువమందికి ఆశ లేదని చెప్పాల్సి వస్తుంది. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్. డిలీట్ చేసిన చోటు ఏదో ఎస్ఎస్‌డీకి ట్రిమ్ అనే ఆదేశంతో తెలుస్తుంది (విండోస్‌లో ఇది 2009 నాటి విండోస్ 7తో వచ్చింది), ఆ తర్వాత డ్రైవ్ తనంతట తానే ఆ చోటు తుడిచేసుకుంటుంది. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఉంటుంది, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవి పోయినట్టే. డబ్బు కడితే తెచ్చిస్తామనే యాప్‌లని నమ్మకండి.

అపోహ: క్లౌడ్‌లో ఉన్నాయిగా, టెన్షన్ ఎందుకు?

సింక్ అంటే ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. కాకపోతే బ్యాకప్ అయినవి గూగుల్ ఫొటోస్ బిన్‌లో 60 రోజులు, ఐక్లౌడ్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజులు ఉంటాయి. అన్నిటికంటే ముందు చూడాల్సిన చోటు అదే.

టకటక శబ్దం చేసే డ్రైవ్‌ని ఫ్రీజర్‌లో పెట్టమనేవాళ్లు ఇంకా ఉన్నారు. తేమ చేరి ఉన్నదీ పోతుంది, ఆపేసి ల్యాబ్‌కి ఇవ్వండి.

చివరికి ఒరిజినల్స్ నిజంగానే పోయి లైట్‌రూమ్ ఫోల్డర్ మాత్రం మిగిలితే, దాన్ని డిలీట్ చేయకండి. అందులో ప్రివ్యూస్ ఫైల్ ఉంటుంది, దాన్లోంచి చిన్న సైజు జెపెగ్‌లు బయటికి తీయవచ్చు. పెద్ద ప్రింట్‌కి పనికిరాకపోవచ్చు గానీ ముఖాలు గుర్తుపట్టేలా ఉంటాయి.