గుట్ట దిగేటప్పుడు రౌతు వెనక్కి వాలాలా?

మైదానంలో స్వారీ కుదిరిన పిల్లలను గుట్టబాట పట్టించే ముందు తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల గుట్టలు ఎత్తులో చిన్నవే. కానీ పరుపుబండ మీద సన్నటి మొరం పేరుకుని ఉన్నచోట గిట్ట ఇట్టే జారుతుంది. వెనక్కి వాలితే గుర్రం ముందుకాళ్ల మీద భారం తగ్గుతుందని చాలామంది చెబుతారు. నిజమే, తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నదే అసలు సంగతి.

చదును నేల మీద నిలబడ్డ గుర్రం తన బరువులో దాదాపు 58 శాతం ముందుకాళ్ల మీద మోస్తుంది. తల, మెడ ముందుకు ఉండటమే అందుకు కారణం. ఇద్దరు కలిసి బీరువాను మెట్ల మీదుగా దించుతుంటే కిందివాడి చేతులే ఎక్కువ లాగుతాయి. బీరువా బరువు కేంద్రం నేలకు పైన, ఎత్తులో ఉంటుంది. వాలు పెరిగేకొద్దీ అది కిందివాడి వైపు జరుగుతుంది. దిగుడులో ఆ కిందివాడి పని గుర్రం ముందుకాళ్లది.

బరువు కేంద్రం 1 మీటరు ఎత్తులో ఉందని, ముందు గిట్టలకూ వెనక గిట్టలకూ మధ్య దూరం 1.1 మీటరని అనుకుందాం. ఎత్తును దూరంతో భాగించి వాలు కోణపు టాంజెంట్‌తో గుణిస్తే ఎంత భారం కిందివైపుకు మళ్లిందో తెలుస్తుంది. 10 డిగ్రీలకు టాంజెంట్ 0.176, కాబట్టి జవాబు 0.16. అంటే దిగుడులో ముందుకాళ్ల వాటా 58 నుంచి 74 శాతానికి పెరుగుతుంది. అదే వాలు ఎక్కేటప్పుడు 42కు పడిపోతుంది.

ఇప్పుడు 400 కిలోల గుర్రం మీద 70 కిలోల రౌతును కూర్చోబెడదాం. ఆ దిగుడులో ముందుకాళ్ల మీద సుమారు 348 కిలోలు పడతాయి. రౌతు బాగా వెనక్కి వాలి తన బరువు కేంద్రాన్ని 15 సెంటీమీటర్లు జరిపాడనుకోండి. తగ్గేది 10 కిలోలు, అంతే! అదే గుర్రం తనంతట తాను వెనకకాళ్లను 20 సెంటీమీటర్లు పొట్ట కిందికి తెచ్చి అడుగు వేస్తే ముందుకాళ్ల వాటా 74 నుంచి 68 శాతానికి దిగుతుంది. అంటే 28 కిలోలు.

వెనక్కి వాలిన రౌతు ఈ 28 కిలోలనే అడ్డుకుంటాడు. గుర్రానికి 18 జతల పక్కటెముకలుంటాయి. చివరి ఎముక దాటాక నడుముకు కింద నుంచి ఎముకల ఊతం లేదు. జీను వెనక అంచు అక్కడ నొక్కితే గుర్రం వీపు బిగబట్టుకుంటుంది. వెనకకాళ్లు లోపలికి రావు. పాత అశ్వికదళాలు వెనక్కి వాలడమే నేర్పేవి. ఆ పద్ధతిని తల్లకిందులు చేసినవాడు ఇటలీ సైనికాధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868–1907).

కాబట్టి విద్యార్థికి చెప్పాల్సింది ఇది: నీ ఒళ్లు గుర్రం వీపుకు కాదు, చదును నేలకు నిలువుగా ఉండాలి. చెవి, తుంటి, మడమ ఒకే గీతలో. రికాబులో పాదం ముందుభాగం మాత్రమే, మడమ కిందికి. పగ్గాలు వదులుగా పట్టాలి కానీ చేజారనివ్వకూడదు. గుర్రం తన గిట్టల ముందున్న నేలను చూడాలంటే తల దించాలి. భయంతో పగ్గం లాగితే తల లేస్తుంది, వీపు గుంట పడుతుంది, వెనకకాళ్లు మళ్లీ వెనకే ఉండిపోతాయి.

మొదటి పాఠం 5 డిగ్రీల వాలు మీద చాలు. ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కొలవవచ్చు. నేర్పేవారు తాడు పట్టుకుని నడిపించాలి, పిల్లల చేతులు జూలు మీదే ఉండాలి. ఒళ్లు నిలువుగా నిలిచాకే పగ్గాలు చేతికివ్వాలి, ఆ తర్వాతే 10 డిగ్రీలకు వెళ్లాలి. మొరం వాలులో తిన్నగా కిందికే దించాలి. అడ్డంగా దింపితే వెనకకాళ్లు పక్కకు జారి గుర్రం పక్కమీద పడుతుంది, రౌతు కాలు దాని కింద నలుగుతుంది. తిన్నగా జారితే గుర్రం పిరుదుల మీద కూర్చుని నిలదొక్కుకోగలదు.

ఎక్కేటప్పుడు తోసేవి వెనకకాళ్లే. రౌతు నడుము దగ్గర కొద్దిగా ముందుకు వంగి, జీను మీద నుంచి కాస్త లేచి, మూపుకు జానెడు ముందు జూలు పట్టుకోవాలి. ఎక్కే ముందు పొట్టపట్టీ మళ్లీ బిగించాలి. జీను వెనక్కి జారే గుర్రానికి ఛాతీపట్టీ, దిగుడులో ముందుకు జారితే తోకపట్టీ. ముందు గుర్రం వాలు పూర్తిచేశాకే రెండోది కదలాలి. అలాగని మరీ దూరం పోనిచ్చినా కష్టమే: గుర్రాలు మందజీవులు, వెనకబడ్డది పరుగందుకుంటుంది.

గుర్రం కొనేటప్పుడు ఒంటిమీది సుడులు చూసి అదృష్టం లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ శ్రద్ధలో సగం గిట్టల మీద పెడితే ఎంత బాగుండు! అరిగి నున్నబడ్డ ఇనుప లాడం పరుపుబండ మీద నిలవదు. ఆ గుర్రానికి ఏ శుభసుడీ పట్టు ఇవ్వలేదు.

పైకి చేరాక చదునుచోట ఆపి, దవడ ఎముక అంచున నాడి పట్టి చూడాలి. 15 సెకన్లలో 16 కొట్టుకుంటే నిమిషానికి 64. ఆ లోపుకు వచ్చాకే దిగుడు మొదలు. దిగాక గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. ఇక మర్నాడు అడుగులు గమనించాలి. గుర్రానికి జత్రుక ఎముక, అంటే మెడ కింద భుజానికి అడ్డంగా ఉండే ఎముక, లేదు. ముందుకాళ్లు మొండేనికి కండరాలతోనే వేలాడుతుంటాయి. దిగుడు భారం ఆ కండరాల మీదే పడుతుంది. అడుగు పొట్టిగా వేస్తుంటే ఆ రోజు గుట్టకు తీసుకెళ్లకూడదు, జీను లేకుండా చదునులో నడిపించాలి.