పొద్దుగూకిందంటే ఎన్ని అర్థాలు?

దేవరకొండ

బిడ్డలారా,

మొన్న సెలవుల్లో చిన్నోడు అడిగిండు: "తాతా, కవి చెప్పేదేదో సీదాగ చెప్పొచ్చు కదా, గంత తిప్పుడెందుకు?" ఆ రాత్రి నాకు జవాబు తోచలేదు. నిదానంగ ఇప్పుడు రాస్తున్న.

వాకిట్ల నిలబడి ఎవరన్నా "పొద్దుగూకింది" అన్నరనుకోండి. గొర్ల కాపరికి అది మందను మలపమన్నట్టు. పత్తి ఏరే కూలోళ్లకు ఇగ చాలు, నడువుండ్రి అన్నట్టు. పట్నం పనికి పోయిన కొడుకు కోసం రోడ్డు దిక్కు చూసే తల్లికి మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టు. మాట ఒక్కటే, నిఘంటువులో అర్థమూ ఒక్కటే. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు, కవిత్వం సంగతి చెప్పే కావ్యప్రకాశం అనే సంస్కృత పుస్తకంలో ఈ మాటనే తీసుకున్నడు. సూర్యుడు అస్తమించిండంటే ఒకరికి పశువులను ఇంటికి తోలమని, ఇంకొకరికి అంగడి సరుకు సర్దమని తోస్తదని చూపిండు.

మమ్మటుడసొంటి పెద్దలు మాటకు మూడు శక్తులున్నయన్నరు. ఉన్నదున్నట్టు చెప్పేది అభిధ. "ఊరంతా జాతరకు పోయింది" అంటే ఊరు లేచి నడవదు, జనం పోయిండ్రని మనమే సర్దుకుంటం, అది లక్షణ. అనకుండనే తోపించేది వ్యంజన. అట్ల తోచే అర్థాన్నే 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడనే ఇంకో పండితుడు ధ్వని అన్నడు, కావ్యానికి ఆత్మ అదేనన్నడు. సీదాగ చెప్తే ఆ తల్లి ఎదురుచూపు ఒక సమాచారమైతది. "పొద్దుగూకింది" అని ఊకుంటే ఆ ఎదురుచూపుల మీరూ కూసుంటరు. చిన్నోడా, కవి తిప్పుడు అందుకే. అర్థంల సగం పని నీకు ఇడిసిపెడతడు, నీ మీద నమ్మకంతోని.

ఒక పుస్తకం పుస్తకమే ఇట్ల మాట్లాడింది. తెలంగాణల తెలుగు కవులే లేరని ఎవరో అంటే, మన పాలమూరు దిక్కు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. ఎవరి పద్యం వాళ్లదే, ఎవరి సంగతి వాళ్లదే. అన్నీ ఒక్కకాడ అచ్చయితే మాత్రం "మేమున్నం" అని వినపడింది.

ఇంకొకటి నన్ను చానా రోజులుగ పట్టుకున్నది. బతుకమ్మ పాటల చరణం చరణానికి ఉయ్యాలో అంటరు గదా. కథకు అది ఒక్క ముక్క కలపదు. అయినా ఒకామె పాడుతుంటే చుట్టూ ఉన్నోళ్లు ఆ మాట అందుకుంటరు. నేను వింటున్న, నీతోనే ఉన్న అన్నట్టు ఉంటది నాకు. ఈసారి పండుగకు ఇంటికాడ కూసోని, ఉయ్యాలో తీసేసి ఒక పాట పాడి చూడుండ్రి. ఏం పోయిందో నాకు రాయుండ్రి.

మీ తాత