ఆడవాళ్లు, గన్ను, ఫెమినిజం: నా క్లాసులో వినే అపోహలు

అమెరికాలో ఆడవాళ్లకు పిస్తోలు కాల్చడం నేర్పడం నా పని. క్లాసుకు వచ్చేవాళ్లలో సగంమంది సొంత అపోహలతో వస్తారు, మిగతా సగంమంది మొగుళ్ల అపోహలు మోసుకొస్తారు.

అపోహ: గన్ను మగాళ్ల సరుకు. ఆడవాళ్లకు ఈ సరదా ఈమధ్యే పట్టుకుంది.

వాస్తవం: 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చేలా ఉన్నప్పుడు, గురి చూసి కాల్చడంలో పేరుమోసిన ఆనీ ఓక్లీ అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. గురి తప్పని 50 మంది ఆడవాళ్లను తెస్తాను, తుపాకులూ తూటాలూ మావే అని. అంతకు ఆరేళ్ల ముందు మెంఫిస్‌లో తన స్నేహితుణ్ణి మూక చంపేశాక, పత్రిక నడుపుతున్న ఐడా బి. వెల్స్ ప్రతి నల్లజాతి ఇంట్లోనూ వించెస్టర్ రైఫిల్‌కు గౌరవస్థానం ఉండాలని రాసింది. ఈ ఇద్దరిలో వెల్స్ ఓటు హక్కు కోసం షికాగోలో నల్లజాతి స్త్రీల సంఘం పెట్టింది. వేలమంది ఆడవాళ్లకు గురి నేర్పిన ఓక్లీ మాత్రం ఓటు ఉద్యమం జోలికి పోలేదు. ఇక ఇప్పటి లెక్క: ప్యూ అనే పరిశోధన సంస్థ 2023లో చేసిన సర్వేలో తమకు సొంత గన్ ఉందన్న మగవాళ్లు 40 శాతం, ఆడవాళ్లు 25 శాతం.

అపోహ: ఆడవాళ్ల చేతుల్లో బలం చాలదు, బుల్లి పిస్తోలు కొనిస్తే సరి.

వాస్తవం: నాకు ఒళ్లు మండే మాట ఇది. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. గులాబీ రంగు బుల్లి రివాల్వర్ బహుమతిగా పుచ్చుకుని వచ్చినావిడ ఐదు రౌండ్లకే మణికట్టు పట్టుకుని కూర్చుంటుంది. అదే మనిషికి కాస్త బరువున్న, మధ్యరకం సైజు తొమ్మిది ఎంఎం పిస్తోలు ఇస్తే యాభై రౌండ్లు హాయిగా కాలుస్తుంది.

స్లైడ్ (పిస్తోలు మీద ముందుకూ వెనక్కీ జరిగే పై భాగం) సంగతీ అంతే. చేతులు బారుగా చాచి, రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని లాగితే ఎవరికీ రాదు. పిస్తోలును ఛాతీ దగ్గరికి తెచ్చుకోమంటాను. గొట్టం మాత్రం టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగర్ మీదికి పోకూడదు. ఎడమ అరచెయ్యి స్లైడ్ మీద బోర్లించి వేళ్లు బిగించాలి. ఇప్పుడు ఎడమచెయ్యి కదలనివ్వకుండా కుడిచేత్తో పిస్తోలునే ముందుకు తొయ్యాలి. టక్కున తెరుచుకుంటుంది. అరవై దాటినవాళ్లు కూడా అప్పుడు నావైపు చూసి నవ్వుతారు.

అన్నట్టు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మగా ఆడా కలిసి పోటీపడ్డ స్కీట్‌లో (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే పోటీ) బంగారు పతకం చైనా అమ్మాయి జాంగ్ షాన్‌ది. తర్వాతి ఒలింపిక్స్‌లో ఆ పోటీ మగవాళ్లకే పరిమితమైంది. ఆడవాళ్లకు విడిగా స్కీట్ 2000లో గానీ రాలేదు.

అపోహ: హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంటే చాలు.

వాస్తవం: 2014 డిసెంబరులో ఐడాహోలో రెండేళ్ల పిల్లాడు తల్లి బ్యాగులో చెయ్యి పెట్టాడు. గన్ పేలి ఆమె చనిపోయింది. ఒంటిమీద హోల్‌స్టర్‌లో (గన్ ఒరలో) ఉండాలి, లేదా సేఫ్‌లో ఉండాలి.

అపోహ: గన్ పట్టినామె ఫెమినిస్టు కాదు. (దీని కవల: గన్ పడితేనే స్వేచ్ఛ.)

వాస్తవం: రెండోదాంట్లో వ్యాపారం పాలు చాలానే ఉంది. గన్‌ల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ 1989లోనే లేడీస్మిత్ అని ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా రివాల్వర్ తెచ్చింది. ఇక 2000 మాతృదినోత్సవం నాడు గన్ చట్టాలు బిగించమంటూ వాషింగ్టన్‌లో కదం తొక్కింది కూడా ఆడవాళ్లే. నా క్లాసుకు ఆ రెండు వైపులవాళ్లూ వస్తారు. నేను ఎవరినీ సర్టిఫికెట్ అడగను.

అపోహ: ఇంట్లో గన్ ఉంటే ఆడదానికి భద్రత.

వాస్తవం: మొదటి రోజు అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది: మీ ఇంట్లో సేఫ్ కోడ్ ఎవరెవరికి తెలుసు? ఒకావిడ చాలాసేపు బల్లవైపే చూసి, "ఆయనకే తెలుసండీ, నాకు చెప్పలేదు" అంది. ఆమెకు ఆ రోజు గురి నేర్పి ఏం లాభం?

మనం భయపడేది చీకట్లోంచి వచ్చే పరాయివాడి గురించి. పద్దెనిమిది రాష్ట్రాల్లో 2003-2014 మధ్య హత్యకు గురైన ఆడవాళ్ల వివరాలు అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చూసింది. కారణం తెలిసిన హత్యల్లో సగానికి పైగా భర్తతోనో, ప్రియుడితోనో, మాజీతోనో ముడిపడినవే. కొట్టే మగాడికి గన్ అందుబాటులో ఉంటే ఆమె హత్యకు గురయ్యే ప్రమాదం ఐదింతలని 2003 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. ఇంకోటి చెబితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. కాలిఫోర్నియా వాళ్ల మీద చేసి 2020లో వెలువరించిన పెద్ద పరిశోధన ప్రకారం, పిస్తోలు సొంతంగా ఉన్న ఆడవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివాళ్లకంటే దాదాపు 35 రెట్లు. మనసు బాగోలేని రోజుల్లో గన్ ఇంట్లో ఉంచుకోకండి, నమ్మకమైన మనిషి దగ్గర పెట్టించండి అని అందుకే పదేపదే చెబుతాను.

ఇక చట్టం. ప్రమాదకారి అని తేల్చి కోర్టు ఎవడి మీద ప్రొటెక్షన్ ఆర్డర్ (బాధితురాలికి రక్షణగా ఇచ్చే ఉత్తర్వు) ఇచ్చిందో వాడి దగ్గర గన్ ఉండకూడదన్న నిబంధనను సుప్రీంకోర్టు 2024లో 8-1తో సమర్థించింది. గృహహింస కేసులో శిక్షపడ్డవాడికి 1996 నుంచే నిషేధం ఉంది. కానీ కాగితం మీద నిషేధం పడినంత మాత్రాన అతని సొరుగులోంచి గన్ దానంతటదే లేచి బయటికి రాదు. ఆర్డర్ కోసం వెళ్లేటప్పుడు అతని దగ్గర ఏయే గన్‌లు ఉన్నాయి, ఎక్కడ పెడతాడు, సేఫ్ ఏ గదిలో ఉంది అన్నవన్నీ గుర్తున్నంతవరకు రాసుకుని వెళ్లండి. వాటిని అప్పగించమని కూడా ఆర్డర్‌లో రాయమని జడ్జిని నోరు తెరిచి అడగండి.