కొమాంత్రీ: బొగ్గు, గాలి, ఒక పెద్ద రెక్క

ఫ్రాన్స్ దేశపు నడిమి భాగాన, అల్యే జిల్లాలో, మోంలుసోన్ నగరానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో కొమాంత్రీ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి బొగ్గు గనిలో 1880లో ఒక కీటకపు రెక్కల అచ్చులు రాతిలో బయటపడ్డాయి. ఆకారంలో అది తూనీగ. వర్షాలు వెలిసిన సాయంత్రం చెరువు గట్టున మన తలల చుట్టూ తిరిగే తూనీగ అరచేతిలో ఇమిడిపోతుంది. ఈ రాతి తూనీగ రెక్కలు చాస్తే ఒక చివరి నుంచి మరో చివరికి 65 సెంటీమీటర్లకు పైగా, అంటే పావురం రెక్కలు విప్పినంత ఉంటుంది. పారిస్ శాస్త్రవేత్త చార్లెస్ బ్రోన్యార్ 1885లో దీనికి మెగాన్యూరా మోనీ అని పేరు పెట్టాడు. 'మెగాన్యూరా' అన్నది రెక్కల్లోని పెద్ద ఈనెలను సూచిస్తుంది. 'మోనీ' అన్నది ఆ గనులను చాలాకాలం నడిపిన ఇంజనీరు స్తెఫాన్ మోనీ పేరు. నిజానికి ఇది నేటి తూనీగలకు పూర్వీకురాలు కాదు, దూరపు బంధువు మాత్రమే.

ఆ కీటకం ఎగిరిన కాలం సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందటిది. అప్పుడు ఈ ప్రాంతం కొండల నడుమ ఉన్న ఒక సరస్సు. చుట్టుపక్కల చిత్తడి నేలల్లో చెట్లంత ఎత్తు పెరిగిన ఫెర్న్ జాతులు కూలి, నీటి అడుగున బురదలో కూరుకుపోయి, గాలి తగలక కుళ్లకుండా ఉండిపోయాయి. చెట్టు బతికున్నప్పుడు ఆకుల ద్వారా ఆక్సిజన్‌ను గాలిలోకి వదులుతుంది. చనిపోయి కుళ్లేటప్పుడు దాదాపు అంతే ఆక్సిజన్‌ను తిరిగి తీసుకుంటుంది. కుళ్లకుండా పూడిపోయిన చెట్టు ఆ బాకీ తీర్చదు. ప్రపంచమంతటా ఇలా అడవులు పూడుకుపోయినందువల్ల గాలిలో ఆక్సిజన్ వాటా నేటి 21 శాతాన్ని దాటి 30 శాతం దాకా పెరిగి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా.

కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కలనున్న చిన్న రంధ్రాల గుండా గాలి సన్నని గొట్టాల్లోకి పోయి నేరుగా కండరాలకు చేరుతుంది. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ ఆ గొట్టాల చివరికి ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది కనుక, చిక్కని ఆక్సిజన్ ఉన్న కాలంలోనే అంత పెద్ద కీటకం సాధ్యమైందన్న వాదన ఉంది. ఆకాశంలో పక్షులు, గబ్బిలాలు ఇంకా పుట్టలేదు కనుక వేటాడేవారు లేకనే అవి అంత పెరిగాయనే వాదన కూడా ఉంది. ఈ చర్చ ఇంకా తెగలేదు. నాకు మాత్రం రెండు కారణాలూ కలిసి పనిచేశాయనిపిస్తుంది.

ఇక ఊరి సంగతి. కొమాంత్రీ బొగ్గు పరుచుకున్న నేల పొడవు పది కిలోమీటర్లకు మించదు; అయితే 'పెద్ద పొర' అని పిలిచిన అక్కడి ముఖ్యమైన పొర పది మీటర్లకు పైగా మందం ఉండేది. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రాంబూర్ కుటుంబం గనులను చేపట్టింది. 1840ల్లో మోంలుసోన్‌కు రైలు దారి పడింది, ఇనుప కొలిమి వచ్చింది, చిన్న పల్లె కాస్తా వేల మంది ఉండే పట్నమైంది.

అంత మందమైన పొరను తవ్వడంలో ఒక పెద్ద కష్టముంది. బొగ్గు తీసి వదిలేసిన ఖాళీల్లో పొడి, ముక్కలు మిగిలిపోతాయి. వాటికి గాలి తగిలితే ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటాయి. కొమాంత్రీ గనుల్లో ఇలాంటి మంటలు తరచూ లేచేవి. 1860లో పంతొమ్మిదేళ్ల వయసులో అక్కడ ఉద్యోగంలో చేరిన ఇంజనీరు హెన్రీ ఫేయోల్‌కు వీటితో పోరాడటమే తొలి పని అయింది. బొగ్గులోని గంధకపు ఖనిజం వల్ల మంట పుడుతుందని అప్పట్లో ఎక్కువమంది నమ్మేవారు. ఫేయోల్ ప్రయోగాలు చేసి, బొగ్గే గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని వేడెక్కుతుందని, అదే అసలు కారణమని తేల్చి 1879లో ప్రకటించాడు. ముక్క ఎంత చిన్నదైతే గాలి తగిలే ఉపరితలం అంత ఎక్కువ. ఆక్సిజన్ అందేంత గాలి ఉండి, వేడిని మోసుకుపోయేంత గాలి లేనిచోట ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. 30 కోట్ల ఏళ్ల కిందట తీరకుండా మిగిలిన ఆ బాకీని బొగ్గు ఇప్పుడు తీర్చుకుంటున్నదన్నమాట. ఆ కుప్పలకు గాలి అందకుండా చేయడమే దీనికి మందు. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు కొమాంత్రీ బొగ్గు కంటే తర్వాతి యుగానిది, వేరే మొక్కల నుంచి ఏర్పడింది. తనంతట తాను రాజుకునే గుణం మాత్రం దానికీ ఉంది.

ఫేయోల్ పేరు మన కామర్స్ విద్యార్థులకు బాగా తెలుసు. 1916లో అతడు ప్రకటించిన పద్నాలుగు నిర్వహణ సూత్రాలను బట్టీ పట్టని వారు అరుదు. ఆ ఆలోచనకు బీజం పడింది ఈ గనిలోనే. 1861 మే నెలలో సెయింట్ ఎడ్మండ్ అనే గని బావి ఆరో అంతస్తులో బండి లాగే గుర్రం కాలు విరిగింది. వేరే గుర్రం ఇవ్వమని ఫేయోల్ చీటీ రాసిస్తే, డైరెక్టరు సంతకం లేదని గుర్రపుశాల కాపరి ఒప్పుకోలేదు. డైరెక్టరు ఊళ్లో లేడు, ఆయన బదులు అధికారం ఎవరికీ అప్పగించలేదు. ఎంత బతిమాలినా కాపరి కదలలేదు. ఆ అంతస్తులో ఆ రోజు పని ఆగిపోయింది. అధికారం ఉన్నవాడు లేనప్పుడు ఆ చోటును ఎవరో ఒకరు నింపి ఉండాలన్న పాఠం ఫేయోల్ అక్కడ రాసుకున్నాడు.

గనిలో దొరికే శిలాజాలను పారేయకుండా దాచమని కార్మికులను ప్రోత్సహించినవాడు కూడా అతడే. వేల కీటకాల అచ్చులు అలా పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియం చేరాయి. మొక్కల శిలాజాలను బెర్నార్ రెనో, రెనే జెయ్యే వర్ణించారు. పొరలు ఏటవాలుగా ఎందుకున్నాయో తెలుసుకోవడానికి ఫేయోల్ తొట్లలోకి మట్టినీళ్లు వదిలి చూశాడు. నది తెచ్చిన మట్టి, ఆకులు సరస్సు ముఖాన డెల్టాలా పేరుకుంటూ మొదటి నుంచీ వాలుగానే ఏర్పడ్డాయని వాదించాడు. చాలా బొగ్గు పొరలు చెట్లు పెరిగిన చోటే ఏర్పడ్డాయని నేటి భూగర్భ శాస్త్రం చెబుతున్నందువల్ల ఆ వాదన అన్ని గనులకూ వర్తించదు.

ఆ శిలాజపు అచ్చులను చీకట్లో దీపపు వెలుగులో మొదట చూసిన కార్మికుల పేర్లు మనకు మిగల్లేదు. ఆ వర్గం నుంచి ఒక పేరు మాత్రం చరిత్రలో నిలిచింది. బాల్యంలోనే గనిలో దిగిన క్రిస్తోఫ్ తివ్రియే, 1881 నాటి సమ్మె తర్వాత, కొమాంత్రీ మేయరయ్యాడు. ప్రపంచంలోనే తొలి సోషలిస్టు మేయరుగా అతణ్ని చెప్పుకుంటారు. 1889లో పార్లమెంటుకు ఎన్నికై, కార్మికులు వేసుకునే వదులైన నీలి అంగీతోనే సభలో కూర్చున్నాడు. 1894లో 'కమ్యూన్ (1871 నాటి పారిస్ తిరుగుబాటు ప్రభుత్వం) వర్ధిల్లాలి' అని నినదించినందుకు అతణ్ని సభ నుంచి పంపించేశారు; మరుసటి ఏడే మరణించాడు.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పెద్ద పొర అడుగంటింది. ఊరు ఖాళీ కాలేదు. పశువుల, కోళ్ల దాణాలో కలిపే మెథియోనిన్ తయారీ ఫ్యాక్టరీ తర్వాతి తరాలకు పనిచ్చింది. పారిస్ మ్యూజియంలోని రాతి పలక మీద ఆ రెక్క ఈనెలు మాత్రం, నిన్న మొన్న గీసినట్టు, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.